కేలీగారి గాలిపటం

పోయిన సెమిస్టర్‌లో మేం నలుగురం కలిసి ఒక ఆర్‌సీ గ్లైడర్ చేశాం. థర్మాకోల్ రెక్క, దాని లోపల కార్బన్ రాడ్డు, కోరోప్లాస్ట్ తోక, రెండు చిన్న సర్వోలు, సీనియర్ల దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ట్రాన్స్‌మిటర్. మోటారు లేదు. గ్రౌండు చివరున్న గట్టు ఎక్కి చేత్తో విసరడమే. విసిరాం. ముక్కు పైకెత్తింది, ఒక్క క్షణం గాల్లో కదలకుండా నిలబడింది, ఆ తర్వాత దబ్బుమని పడింది. స్టిక్ ముందుకు నొక్కి సరిచేద్దామని చూస్తే ఈసారి నేరుగా నేలకేసి దూసుకెళ్ళింది. మూడోసారికి తోక విరిగింది. అప్పుడు మేం నలుగురం ఏకగ్రీవంగా తేల్చిందేంటంటే, దీనికి పవర్ చాలట్లేదు, మోటారు పెట్టాల్సిందే అని.

అటు వెళ్తున్న ఫైనలియర్ అన్న ఒకాయన ఆగాడు. గ్లైడర్ని రెక్క కింద రెండు వేళ్ళ మీద నిలబెట్టి చూశాడు. తోక వైపు వాలిపోయింది. బ్యాటరీ ముక్కులో పట్టక మేం దాన్ని రెక్క కిందికి జరిపేశాం మరి. ఆయన మా జేబులు వెతికించి, నాలుగు ఐదు రూపాయల బిళ్ళలు ముక్కుకి టేపేసి అంటించాడు. తోక అతికించి మళ్ళీ విసిరితే గట్టు దిగి, గోల్‌పోస్టు దాటి, మెత్తగా వాలింది. స్టిక్ ముట్టుకోవాల్సిన పనే రాలేదు. వెళ్తూ వెళ్తూ అన్న ఒక మాట చెప్పి పోయాడు. ఈ పని 1804లోనే ఒకాయన చేశాడు, పేరు జార్జ్ కేలీ, వెతుక్కోండి అని.

వెతికాను. ఏరో వాళ్ళకి ఈ పేరు ఫస్టియర్ పుస్తకంలో ఒక లైనులో వస్తుంది, విమాన శాస్త్ర పితామహుడు అని. మిగతా బ్రాంచీల వాళ్ళకి అదీ రాదు. మనకి విమానం కథ రైట్ సోదరులతో, 1903తో మొదలవుతుంది. దానికి వందేళ్ళ ముందే ఒక మనిషి ఇంట్లో, పొలంలో, కొండవాలులో బొమ్మ గ్లైడర్లు ఎగరేసుకుంటూ విమానానికి ఉండాల్సిన ఆకారమంతా పట్టేశాడంటే నేను మొదట నమ్మలేదు.

కేలీ 1773 డిసెంబరు 27న ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ సముద్రతీరాన స్కార్‌బరోలో పుట్టాడు. పుట్టుకతోనే కలిగినవాళ్ళు. 1792లో తండ్రి పోయేసరికి ఈయనకి ఇంకా పద్దెనిమిదేళ్ళు. బారోనెట్ బిరుదు, బ్రాంప్టన్ అనే ఊళ్ళో పెద్ద భవంతి, చుట్టూ భూములు, కౌలు రైతులు అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. మనవైపు మాటల్లో చెప్పాలంటే చిన్న జమీందారు. యూనివర్సిటీ మెట్లు ఎక్కలేదు. గణితం తెలిసిన జార్జ్ వాకర్ అనే మతబోధకుడి దగ్గర చదువుకున్నాడు. ఆ గురువుగారి కూతురు సారానే 1795లో పెళ్ళి చేసుకున్నాడు.

కొలవడం ఆయనకి ఒక పిచ్చి. తన బొటనవేలి గోరు అరంగుళం పెరగడానికి ఎన్ని రోజులు పడుతుందో కొలిచి నోటుబుక్కులో రాసుకున్న మనిషి. ట్రౌట్ చేపని పట్టుకుని, తల నించి తోక దాకా ఎక్కడెక్కడ ఎంత చుట్టుకొలత ఉందో రాసుకున్నాడు. గాలిని తక్కువ ప్రతిఘటనతో చీల్చుకుపోయే ఒంటి ఆకారం ఎలా ఉండాలో దాంట్లోంచి లాగాడు. మన ల్యాబ్ రికార్డుల్లో రీడింగులు ఎలా పుడతాయో మనకు తెలుసు కాబట్టి, ఈ గోరు సంగతి చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది.

ఆయనకి ఇంకా పదేళ్ళు నిండకముందే, 1783లో, ఫ్రాన్స్‌లో మోంగోల్ఫియే సోదరుల బెలూన్‌లో మనుషులు తొలిసారి గాల్లోకి లేచారు. దాంతో లోకమంతా బెలూన్ల వెంట పడింది. బెలూన్ నచ్చనివాళ్ళు పక్షిని చూసి రెక్కలు కట్టుకుని ఆడించేవాళ్ళు. పక్షి రెక్క ఒకటే రెండు పనులూ చేస్తుంది కదా, పైకి మోస్తుంది, ముందుకీ తోస్తుంది. కాబట్టి మనిషి యంత్రం కూడా అలాగే రెక్కలు కొట్టాలని అందరి లెక్క. కేలీ 1796లో ఒక ఫ్రెంచి బొమ్మ చూసి తనూ చేసుకున్నాడు. రెండు కార్కులు, ఒక్కోదానికి నాలుగేసి ఈకలు, ఒక విల్లు, దారం. దారం వదిలితే ఈకలు తిరిగి బొమ్మ పైకప్పుకి తగిలేది. ఆట అక్కణ్ణించి మొదలైంది.

1799లో ఒక చిన్న వెండి బిళ్ళ మీద ఆయన బొమ్మ చెక్కించాడు. ఆ బిళ్ళ ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. ఒకవైపు యంత్రం: కదలని రెక్క, మనిషి కూర్చునే ఒళ్ళు, వెనక తోక, ముందుకు తోయడానికి విడిగా తెడ్లు. రెండోవైపు వాలుగా ఉన్న ఒక గీత, దాని మీద గాలి పెట్టే బలం, ఆ బలాన్ని రెండుగా విడదీసిన త్రిభుజం. ఒకటి పైకి మోసేది, ఒకటి వెనక్కి లాగేది. మనం మెకానిక్స్ మొదటి యూనిట్‌లో రాసే ఫోర్స్ డయాగ్రామే. మోసే పని రెక్కది, తోసే పని వేరే దానిది అని రెండు పనుల్నీ విడగొట్టడం అక్కడే జరిగింది. వినడానికి చాలా చిన్న సంగతిలా ఉంటుంది. కానీ దీని తర్వాత రెక్కని ఒక్కదాన్నే తీసుకుని, ఇంజన్ ఊసెత్తకుండా పరీక్షించుకోవచ్చు. గ్లైడర్ అనేదానికి అర్థం వచ్చింది ఇందువల్లే.

రెక్క ఎంత మోస్తుందో తెలియాలంటే గాలి కావాలి. విండ్ టన్నెల్ అప్పటికి లేదు, అది 1871లో గాని రాలేదు. గాలిమరల రెక్కల కోసం స్మీటన్ అనే ఇంజనీరు అంతకుముందు వాడిన ఒక పద్ధతిని కేలీ తీసుకున్నాడు. నిలువు ఇరుసు మీద అడ్డంగా తిరిగే పొడవాటి చెయ్యి, దాని చివర ఒక చదరపు అడుగు పలక. ఇరుసుకి తాడు చుట్టి, తాడుకి బరువు కట్టి, బ్రాంప్టన్ భవంతి మెట్ల మధ్య ఖాళీలోంచి కిందికి వదిలేవాడు. బరువు దిగుతుంటే పైన చెయ్యి గిరగిరా తిరిగేది. పలకని ఒక్కో కోణంలో పెట్టి, అది ఎంత బరువు ఎత్తుతుందో రాసుకునేవాడు. పిల్లలున్న ఇల్లది. మెట్ల మధ్యలోంచి దిగే ఆ బరువుని తప్పించుకుంటూ పైకీ కిందికీ తిరిగినవాళ్ళు ఏమనుకున్నారో ఎక్కడా రాసి లేదు గానీ, నాకు సారాగారి మీద జాలేసింది.

ఆ లెక్కలు చేతికొచ్చిన ఏడాదే, 1804లోనే, మా ఐదు రూపాయల బిళ్ళల తాతగారు పుట్టాడు. సుమారు ఐదడుగుల కర్ర. దాని మీద రెక్కగా మామూలు కాగితం గాలిపటం, 154 చదరపు అంగుళాలు. మన ఏ4 కాగితాలు ఒకటిన్నర పక్కపక్కన పెడితే ఇంచుమించు అంత. గాలిపటం వెనక అంచు కర్రకి ఆని ఉంటే, ముందు భాగం చిన్న మేకు మీద లేచి 6 డిగ్రీల కోణంలో నిలబడేది. కర్ర చివర కూడిక గుర్తు ఆకారంలో తోక, ఎటు కావాలంటే అటు తిప్పి బిగించుకునేలా. గరిమనాభిని ముందుకీ వెనక్కీ మార్చుకోవడానికి జరుపుకునే బరువు ఒకటి.

ఇంతే. సర్వో లేదు, రేడియో లేదు. మార్కోని పుట్టడానికి ఇంకా డెబ్భై ఏళ్ళు. చెయ్యాల్సిందంతా విసరకముందే చెయ్యాలి. చెయ్యి వదిలాక దాని దారి దానిదే. తోక కొంచెం పైకి బిగించి విసిరితే ఏమవుతుంది, కొంచెం పక్కకి తిప్పితే ఏమవుతుంది, బరువు ఒక అంగుళం ముందుకి జరిపితే ఏమవుతుంది. కేలీ కొండవాలు మీంచి దాన్ని వదులుతూ ఇవే చూశాడు. తోక కాస్త తిప్పితే చుక్కానికి ఓడ లొంగినట్టు అటే తిరిగేదట. అది నిటారు వాలులో సాఫీగా దిగుతుంటే చూడముచ్చటగా ఉందని నోటుబుక్కులో రాసుకున్నాడు. ఇదే పెద్దగా చేస్తే ఆల్ప్స్ కొండలు దిగడానికి కంచరగాడిద కంటే నమ్మకంగా ఉంటుందని కూడా ముచ్చట పడ్డాడు. ఆ కాలానికి కొండ దిగడంలో కంచరగాడిదని మించింది లేదు కాబట్టి, అంతకంటే పెద్ద పోలిక ఆయనకి దొరికి ఉండదు.

మా గట్టు మీద మేం చేసిన తప్పు ఇక్కడే అర్థమైంది. చేతిలో ట్రాన్స్‌మిటర్ ఉండేసరికి, బ్యాలెన్స్ తప్పిన గ్లైడర్ని కూడా స్టిక్‌తో లాక్కొచ్చేద్దాం అనుకున్నాం. కేలీకి ఆ దారి లేదు. గ్లైడర్ తనంతట తనే నిలదొక్కుకోవాలి, లేకపోతే పడుతుంది. అందుకే బరువు ఎక్కడుండాలి, తోక ఎంత కోణంలో ఉండాలి అనే రెండు ప్రశ్నల్ని ఆయన తన తరంలో ఎవరూ అడగనంత గట్టిగా అడిగాడు. రెక్కలు రెండూ కొంచెం పైకి లేచి ఉంటే పక్కకి ఒరిగిన విమానం తిరిగి సర్దుకుంటుందని కూడా ఆయన గుర్తించాడు. మనం డైహెడ్రల్ అనేది అదే. మా గ్లైడర్ రెక్క మధ్యలో ఉన్న వంపు దాని కోసమే. ఏ వీడియోలోనో చూసి పెట్టాం గానీ ఎందుకో మాకు తెలీదు.

1809 నాటికి 300 చదరపు అడుగుల రెక్కతో పెద్ద గ్లైడర్ కట్టాడు. మనిషి లేకుండా కొండ మీంచి వదిలితే బాగా దిగేది. ఎదురుగాలికి ఎవరైనా దాన్ని పట్టుకుని పరిగెడితే కాళ్ళు నేలకి ఆనేవి కావట, ఒక్కోసారి కొన్ని గజాల దూరం మోసుకుపోయేదట. అప్పటిదాకా ఇవేవీ ఆయన బయటపెట్టలేదు. బయటపెట్టించింది ఒక తప్పుడు వార్త. వియన్నాలో డేగెన్ అనే గడియారాల మనిషి రెక్కలు కట్టుకుని ఎగిరాడని పేపర్లలో వచ్చింది. నిజానికి ఆయన పైన బెలూన్ కూడా ఉంది, ఆ ముక్క వార్తలో రాలేదు. ఎవరో తనని దాటిపోతున్నారనుకుని కేలీ ఉన్నదంతా రాసి నికల్సన్ పత్రికకి పంపాడు. 1809, 1810ల్లో మూడు భాగాలుగా అచ్చయింది. ఫార్వర్డ్ మెసేజీ నమ్మి చేసిన పనుల్లో చరిత్రలో ఇంత మంచిది ఇంకోటి ఉందనుకోను.

రెక్క దొరికింది, తోక దొరికింది, బ్యాలెన్స్ దొరికింది. ఇంజన్ దొరకలేదు. అప్పటి ఆవిరి యంత్రం అంటే బాయిలరు, నీళ్ళు, బొగ్గుతో సహా ఒక చిన్న ఇల్లు. అది ఇచ్చే శక్తికి దాని బరువే ఎక్కువ. కేలీ లెక్క వేసి చూసి, ఇది గాల్లోకి లేవదని తేల్చేసుకున్నాడు. వేడిగాలితో నడిచే ఇంజన్ ఆలోచించాడు, తుపాకిమందు పేల్చి నడిపేది ఆలోచించాడు. ఏదీ కుదరలేదు. పెట్రోలు ఇంజన్ ఆయన బతికుండగా రాలేదు. ఇంకొకటి నాకు మింగుడుపడదు. ఈకలబొమ్మలో తిరిగే రెక్క ఎలా తోస్తుందో కళ్ళారా చూసిన మనిషి, పెద్ద యంత్రాలకి మాత్రం ఎక్కువగా తెడ్ల లాంటి కొట్టుకునే రెక్కలే గీస్తూ వచ్చాడు. ఇంజన్ లేకపోవడం ఆయన తప్పు కాదు. ప్రొపెల్లర్‌ని చేతిలో పెట్టుకుని పక్కన పెట్టడం మాత్రం ఆయన తప్పే.

మధ్యలో ముప్పై నలభై ఏళ్ళు వేరే పనుల్లో గడిచాయి. గ్లైడర్ దిగడానికి తేలికైన చక్రం కావాల్సొచ్చి 1808లో, లావు చెక్క ఆకుల బదులు బిగించి లాగిన సన్నటి తీగలతో చక్రం ఊహించాడు. మన సైకిల్ చక్రం సూత్రం అదే. బరువుని కింద ఆకు మీద నిలబెట్టకుండా పై తీగలకి వేలాడదీయడం. పొలాల్లో కూరుకుపోకుండా తన పట్టాలు తనే పరుచుకుంటూ పోయే బండికి 1820ల్లో పేటెంట్ తీసుకున్నాడు. ఊరి పొలాల ముంపునీరు సముద్రానికి మళ్ళించే కాలువ పనిలో ఉన్నాడు, పార్లమెంటుకి వెళ్ళాడు, లండన్‌లో జనానికి సైన్సు చూపించే పాలిటెక్నిక్ సంస్థ పెట్టడంలో ముందు నిలబడ్డాడు. చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళ కోసం కృత్రిమ హస్తం కూడా తయారుచేశాడు. ఎవరైనా ఈ చిట్టాలోంచి ఒకటి తీసుకుని దాని మీదే ఒక జీవితం రాయొచ్చు. నాకు గ్లైడర్ కావాలి కాబట్టి డెబ్భై అయిదేళ్ళ వయసుకి వెళ్తున్నా.

1849. కేలీ మళ్ళీ పెద్ద గ్లైడర్ కట్టాడు. ఒకదాని మీద ఒకటి మూడు రెక్కలు, కింద పడవలాంటి తొట్టి, దానికి తీగల చక్రాలు, వెనక తోక. దాంట్లో పదేళ్ళ పిల్లాణ్ణి కూర్చోబెట్టారు. కొండ దిగువకి వదిలితే కొన్ని గజాలు నేల విడిచి తేలింది. కొందరు తాడు కట్టి లాగితే ఎదురుగాలికి ఇంకోసారి లేచింది. గాలికంటే బరువైన యంత్రంలో నేల విడిచిన మొదటి మనిషి బహుశా ఆ పిల్లాడే. ఆ పిల్లాడి పేరు కేలీ రాయలేదు. గోరు పెరిగిన రోజులు లెక్క రాసుకున్న మనిషి, చేపని అంగుళం అంగుళం కొలిచిన మనిషి, ఈ పేరు మాత్రం రాయలేదు. పనివాళ్ళ పిల్లాడా, ఇంటి పిల్లాడా కూడా తేలలేదు.

1852లో, మనిషి ఎక్కి తనే నడుపుకునే గ్లైడర్ ప్లాను మొత్తం కొలతలతో, బొమ్మతో మెకానిక్స్ మ్యాగజైన్‌లో వేశాడు. ఆ పత్రిక చాలామంది చేతుల్లోకి వెళ్ళేదే. అయినా వందేళ్ళ దాకా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మరుసటేడు, 1853లో, బ్రాంప్టన్ భవంతి పక్కనున్న లోయ దగ్గర జనం పోగయ్యారు. ఈసారి తొట్టిలో కూర్చున్నది కేలీగారి గుర్రబ్బండి తోలేవాడు. గ్లైడర్ లోయ ఇటు నుంచి అటు దాటి, అవతల గట్టిగా నేలకి తగిలింది. బండివాడు బయటికొచ్చి, తన ఉద్యోగం గుర్రాలు తోలడం గానీ గాల్లో ఎగరడం కాదని చెప్పి పని మానేశాడట. ఇది మనకి తెలిసింది కేలీ రాతల్లోంచి కాదు. ఆ రోజు అక్కడున్న ఆయన మనవరాలు చిన్నపిల్ల. ముసలావిడయ్యాక, ఎన్నో ఏళ్ళకి గుర్తు చేసుకుని చెప్పింది. బండివాడి పేరు కూడా కచ్చితంగా తేలలేదు. ఒకరిద్దరి పేర్లు చరిత్రకారులు చెప్తారు, రుజువు లేదు.

ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా గ్లైడర్ పడితే మాకు పోయేది ఒక ఫెవిక్విక్ ట్యూబు. నడిపేవాడు నేల మీద నిలబడి ఉంటాడు. కేలీకి రేడియో లేదు, కాబట్టి లోపల ఎవరో ఒకరు కూర్చోవాలి. డెబ్భై తొమ్మిదేళ్ళాయన కూర్చోలేడు, నిజమే. పిల్లాడు తేలికగా ఉంటాడు, అదీ నిజమే. ఇంజనీరుగా చూస్తే ప్రతి నిర్ణయానికీ కారణం ఉంది. ఆ బండివాడు కాదనగలిగేవాడా అన్నది మాత్రం నాకు తెగలేదు. యజమాని అడిగితే ఎక్కాడు. దిగాక మాత్రం కాదన్నాడు. ఆ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆయనే.

కేలీ 1857 డిసెంబరు 15న, ఇంకో పన్నెండు రోజుల్లో ఎనభై నాలుగు నిండుతాయనగా, బ్రాంప్టన్‌లోనే పోయాడు. చివరిదాకా తేలికైన ఇంజన్ కోసం చూస్తూనే ఉన్నాడు. 1909లో, అప్పటికి లోకమంతా తెలిసిన విల్బర్ రైట్, ఎగిరే శాస్త్రాన్ని తన ముందెవరూ తీసుకెళ్ళనంత దూరం ఈయన తీసుకెళ్ళాడని ఒప్పుకున్నాడు. ఆ నోటుబుక్కు 1933లో అచ్చయింది.

1973లో ఆయన కొలతల ప్రకారం గ్లైడర్ కట్టి, డెరెక్ పిగట్ అనే పేరున్న గ్లైడర్ పైలట్ అదే బ్రాంప్టన్ లోయలో ఎక్కి ఎగిరాడు. ఎగిరింది. అంటే 1852 కాగితాల మీద ఉన్నది ఊహ మాత్రమే కాదని తేలింది. కేలీ గ్లైడర్ నకలు ఒకటి యార్క్‌షైర్‌లోని ఎల్వింగ్టన్ ఎయిర్ మ్యూజియంలో ఉంది. ఎవరైనా ఎంఎస్‌కి అటు వెళ్తే చూసి ఒక ఫొటో పంపండి, చక్రాలు దగ్గర్నించి తీయండి.

మేం ఇప్పుడు రెండో గ్లైడర్ మొదలుపెట్టాం. ఈసారి మొదటి వారం ట్రాన్స్‌మిటర్ ఆన్ చెయ్యకూడదని పందెం. తోక బిగించి, బరువు జరిపి, ఊరికే విసిరి, ఎంత దూరం పోయిందో టేపుతో కొలిచి రాసుకోవాలి. పాత గ్లైడర్ ముక్కులో మాత్రం ఇప్పుడు మూడు బిళ్ళలే ఉన్నాయి. నాలుగోది ఎవరో టీకి పీక్కెళ్ళారు. ఆదివారం పొద్దున్నే ఎగరేస్తున్నాం, ఈలోపు తెచ్చి పెట్టెయ్యండి బాబూ.